ప్రతి బొమ్మలోనూ మా పెదనాన్నే

మా పెదనాన్నకి బొమ్మల పిచ్చి ఉందని ఊళ్లో అందరూ అంటారు. అది తప్పు. బొమ్మలు వేసేవాళ్లందరికీ తన పిచ్చి పట్టుకుందని ఆయన నమ్మకం. ఏ బొమ్మ ముందు నిలబెట్టినా సరే, రెండు నిమిషాలు కళ్లు చికిలించి చూసి, మూడో నిమిషంలో తేల్చేస్తాడు.

"ఇది నేనే."

మనిషి బొమ్మైతే పోనీలే అనుకోవచ్చు. ఈయన కొండల్లో దొరికాడు, పడవల్లో దొరికాడు, ఒకసారి నీళ్ల కూజాలో కూడా దొరికాడు. వానలో తడుస్తున్న గాడిద బొమ్మ ఒకటి వస్తే, ఇంట్లోవాళ్లమంతా ఆయన్ని అటువైపు వెళ్లనివ్వకుండా చేతులు పట్టుకుని ఆపాం. ఆగలేదు. వెళ్లాడు, చూశాడు, "వెనక కాళ్లు మాత్రం నావి కావు" అన్నాడు.

ఎక్కడో పరాయి ఊళ్లో జరిగే ముచ్చటైతే నేనూ అందరితో పాటు నవ్వి ఊరుకునేదాన్ని. నా ఖర్మకొద్దీ నేను మా ఊరి గ్రంథాలయంలో పనిచేస్తున్నాను. మా గ్రంథాలయంలో మేడమీద పెద్ద హాలొకటి ఉంది. పాత పేపర్ల కట్టలు బయటపడేశాక దాన్ని ఏం చెయ్యాలో తెలియక, మూడు నెలలకోసారి మూడు రోజులపాటు ఊళ్లోవాళ్లు వేసిన బొమ్మలు పెట్టడం మొదలెట్టాం. పళ్ల డాక్టరూ, పోస్ట్‌మ్యానూ, మందుల షాపావిడా, అందరూ వేస్తారు. కాకిపిల్ల కాకికి ముద్దు కాబట్టి ప్రతి బొమ్మకీ కనీసం ఒక అభిమాని గ్యారంటీ. రెండో అభిమాని దొరకడమే కష్టం. మేకులు కొట్టడం, తాళ్లు కట్టడం, నంబరు చీటీలు అంటించడం, అభిప్రాయాల పుస్తకం చూసుకోవడం నా పని. మా పెదనాన్న తరఫున క్షమాపణలు చెప్పడం కూడా నా పనే, అది ఆర్డర్లో రాయలేదు గానీ.

పెదనాన్న ముప్పై రెండేళ్లు గుర్తింపు కార్డుల ఆఫీసులో చేశాడు. ఫొటోనీ, ఎదురుగా నిలబడ్డ మనిషినీ మార్చి మార్చి చూసి, ఇద్దరూ ఒకటేనా కాదా అని తేల్చడం ఆయన ఉద్యోగం. "ఫొటోలో మీ చెవి తమ్మె అతుక్కుని ఉంది, ఎదురుగా చూస్తే వేలాడుతోంది, మళ్లీ తీయించుకు రండి" అని సొంత బావమరిదినే వెనక్కి పంపిన మనిషి. రిటైరయ్యాక ఎదురుగా నిలబడేవాళ్లు లేరు. దాంతో తన ముఖాన్నే పట్టుకుని ఊళ్లో ఉన్న బొమ్మలన్నిటితో సరిపోల్చుకుంటున్నాడని మా పెద్దమ్మ సిద్ధాంతం.

మొదటిసారి పళ్ల డాక్టరుగారి బొమ్మ దగ్గర బయటపడింది ఈ జబ్బు. ఆయన గుమ్మడికాయ వేశారు. చోటు చాలక దాన్ని మంచినీళ్ల డ్రమ్ము వెనక తగిలించాను. పెదనాన్న గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని అలాగే బిగుసుకుపోయాడు.

"ఇది ఎవరు వేశారు?"

డాక్టరుగారు సంతోషంగా వచ్చారు. "నేనేనండి."

"నన్ను అడక్కుండా నా బొమ్మ ఎలా వేశారు?"

"అయ్యా, అది గుమ్మడికాయండి."

"గుమ్మడికాయకి ఇంత దిగులుంటుందా? ఆ కిందివైపు చూడండి. ఆ జారిన గడ్డం ఎవరిది?"

"అది నేల మీద పెట్టే భాగమండి."

"అమ్మాయ్, ఇలా రా! నువ్వు చెప్పు." ఆయన బొమ్మ పక్కన తల ఆనించి, పక్కకి తిరిగి నిలబడ్డాడు. "తేడా ఉందా?"

గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకునేవాళ్లని విన్నాను గానీ, గుమ్మడికాయే నేనంటూ భుజాలు ఎగరేసేవాణ్ణి అప్పుడే చూశాను. నాకు నోట మాట రాలేదు. వచ్చినవాళ్లకి మాత్రం బాగా వచ్చింది. కింద పేపర్లు చదువుకుంటున్నవాళ్లు కూడా గొడవేమిటా అని మేడెక్కారు. కొందరు పోలిక ఉందన్నారు, కొందరు లేదన్నారు, ఒకాయన అయితే కుడివైపు నుంచి ఉంది, ఎడమవైపు నుంచి లేదు అని మధ్యస్థంగా తీర్పు చెప్పాడు. గంటసేపు గుమ్మడికాయ ముందు నుంచి జనం కదల్లేదు. పోతూ పోతూ పెదనాన్న అభిప్రాయాల పుస్తకంలో రాశాడు: "పందొమ్మిదో నంబరులో నేనున్నాను. తొడిమ బాగా వచ్చింది. అయినా అభ్యంతరమే."

తర్వాతి ప్రదర్శనలో పోస్ట్‌మ్యాన్ వేసిన కొండ. స్విచ్ బోర్డు పక్కన, తలుపు తీస్తే సగం మూసుకుపోయే చోట ఉంది. పెదనాన్న ఆ తలుపుకి ఇటుక అడ్డం పెట్టించి మరీ నిలబడ్డాడు.

"నేను ఎడమవైపు తిరిగి పడుకుంటే ఇలాగే ఉంటాను. కావాలంటే మా ఆవిణ్ణి అడగండి."

మా పెద్దమ్మ పెద్దగా మాట్లాడదు. మాట్లాడితే ఎదుటివాళ్లు మిగలరు. కొండని కిందనుంచి పైదాకా చూసి అంది, "పడుకున్నప్పుడు అచ్చం ఇంతే. గురక ఒక్కటే వెయ్యలేదు."

మందుల షాపావిడ వేసిన బొమ్మలో మూడు ఎర్రగీతలూ, మధ్యలో ఒక నల్ల చుక్కా తప్ప ఇంకేం లేవు. పేరు 'నిశ్శబ్దం'. హమ్మయ్య, ఇందులో ఆయన దూరడానికి సందు లేదనుకున్నాను. పెదనాన్న వచ్చి, రెండు నిమిషాలు చూసి, పొట్ట నిమురుకున్నాడు.

"ఇది నేనే. బయట కాదు, లోపల."

"లోపలంటే? మనసా అండీ?" ఆవిడ ఆశగా అడిగింది.

"కాదు. భోజనమయ్యాక."

ఆవిడ గుక్క తిప్పుకుని, మర్నాడు వచ్చేటప్పుడు ఆయనకో గ్యాస్ మాత్రల పట్టీ తెచ్చింది. ఆ మూడు గీతల ముందు ఆ మూడు రోజులూ ఊళ్లో అరుగుదల లేనివాళ్లందరూ క్యూ కట్టారు.

ఒకరోజు నేను ఉండబట్టలేక అడిగేశాను. "పెదనాన్నా, నిజం చెప్పు. నీకు అందులో నువ్వే కనిపిస్తావా?"

"మరి నీకు కనిపించనా?"

"కనిపించవు."

"అందుకే నిన్ను మేకులు కొట్టే పనిలో పెట్టారు" అన్నాడు.

ఇలా గుట్టుగా, అంటే ఊరంతా తెలిసిన గుట్టుగా, మూడేళ్లు నడిచింది. ఈసారి మాత్రం పెదనాన్న పోయి పోయి డ్రాయింగు మాస్టారి మీద పడ్డాడు.

డ్రాయింగు మాస్టారు మా ప్రదర్శనల సంఘానికి అధ్యక్షులు. బడిలో నలభై ఏళ్లు ఆపిల్ పండుకి నీడ ఎటు పడాలో నేర్పిన మనిషి. నీడ తప్పుగా పడితే పిల్లల చెవులు సరైన వైపు తిరిగేవి. రిటైరైనా ఆ చూపు రిటైరు కాలేదు. ఈసారి ఆయన తన బొమ్మ తనే వేసుకున్నారు. తలుపంత ఎత్తు, బంగారు రంగు ఫ్రేము. హాల్లోకి రాగానే ఎదురుగా పెట్టించారు. దాని పక్కనే చేతులు కట్టుకుని తను కూడా నిలబడ్డారు.

అదే కొంప ముంచింది. బొమ్మ ముందు ఎవరైనా ఆగితే చాలు, ఆయన దగ్గరికొచ్చి, "ఊ, ఇందులో వెలుగు ఎటునుంచి పడుతోంది? చెప్పు" అనేవారు. ఊళ్లో సగంమంది ఆయన శిష్యులే. పిల్లల్ని కన్నవాళ్లు కూడా ఆ ప్రశ్న వినగానే చెవులు మూసుకుని పక్కదారి పట్టేవారు. పొద్దున్నుంచీ జనం హాల్లోకి రావడం, ఎదురుగా మాస్టారు ఇద్దరు కనిపించడం, గోడవారగా జారుకోవడం. కాసేపటికి ఆయన ఆఫీసు గదిలోకి వెళ్లి కూర్చున్నారు. అయినా అలవాటు పడ్డ జనం ఆ బొమ్మ ముందు ఆగలేదు. ఆయన మాటిమాటికీ బయటికొచ్చి తొంగిచూడటం, మళ్లీ లోపలికెళ్లడం.

పదకొండున్నరకి పెదనాన్న వచ్చాడు. మాస్టారి బొమ్మ ముందు ఆగాడు. నా చేతిలో సుత్తి జారింది.

"ఇది నేనే."

మాస్టారు గదిలోంచి బాణంలా వచ్చారు. "ఏమిటండీ మీరనేది? కింద చీటీ చదవలేదా? స్వీయచిత్రం! స్వీయ అంటే ఏమిటి?"

"సొంత."

"మరి?"

"ఎవరు చదివితే వాళ్ల సొంతం కదా మాస్టారూ. నేను చదివాను. నాదే."

"ఆ మీసం చూడండి! మీకు మీసమే లేదు!"

"నేను పెంచితే ఇలాగే వస్తుంది."

జనం ముసురుకున్నారు. మాస్టారి కోపం చూసి భయపడాల్సిన శిష్యులే, ఆయన తమని కాక ఇంకొకర్ని కోప్పడుతున్నారన్న ఆనందంలో దగ్గరికొచ్చి ముక్కూ నుదురూ పరీక్షించారు. ఎవరో "వెలుగు ఎడమవైపు నుంచి పడుతోందిరా" అన్నారు కూడా. మాస్టారి ముఖం కందగడ్డైంది. ఆ సాయంత్రమే సంఘం సమావేశం పెట్టి తీర్మానం రాశారు: కళాకారులను అవమానించే వ్యక్తికి ఇకపై ప్రదర్శనలోకి ప్రవేశం లేదు. పేరు రాయలేదు. రాయక్కర్లేదు కూడా. దాన్ని ఆ వ్యక్తికి చెప్పే బాధ్యత ఆ వ్యక్తి తమ్ముడి కూతురికి అప్పజెప్పారు.

నేను ఇంటికి వెళ్లి, నీళ్లు నమిలి నమిలి చెప్పాను. ఆయన ఎగిరిపడతాడనుకున్నాను. నిమ్మకు నీరెత్తినట్టు విన్నాడు.

"ఎన్నాళ్లు?"

"ఇక ఎప్పటికీనట."

"ప్రదర్శన ఇంకా రెండు రోజులుందిగా?"

"ఉంది."

"ఆ ఇరవై ఏడో నంబరు ఎవరిదే?"

"ఇస్త్రీ దుకాణం ఆవిడది. ఎందుకు?"

"ఊరికే" అని ఆయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. తలకిందులుగా పెట్టుకున్నాడు. బాధపడ్డాడని అప్పుడు అర్థమైంది నాకు.

ఇస్త్రీ దుకాణం ఆవిడ బొమ్మ పెట్టడం అదే మొదటిసారి. తీగ మీద ఒక్క నీలం చొక్కా ఆరేసి ఉన్నట్టు వేసింది. ఆఖర్న తెచ్చింది కాబట్టి ఆఖరి చోటు దొరికింది, చీపుర్లు పెట్టే అర పక్కన. మొదటి రోజు దుకాణం మూసేసి, మంచి చీర కట్టుకుని వచ్చి, ఇతరుల బొమ్మలు చూస్తున్నట్టు నటిస్తూ పొద్దుపోయేదాకా ఆ మూలే చూసింది. రెండో రోజు పొద్దున్నే నా బల్ల దగ్గరికొచ్చింది.

"అమ్మా, బొమ్మ ఇవాళే తీసుకుపోనా?"

"రేపు సాయంత్రం దాకా ఉంచాలండీ. ఏం?"

"ఏం లేదమ్మా. దుకాణంలో గోడ ఖాళీగా ఉంది." చెంగు వేలికి చుట్టుకుంటూ అంది, "ఎవరికీ ఇబ్బంది ఉండదులే. అటు ఎవరూ రావట్లేదుగా."

మధ్యాహ్నం దాకా ఆగండి, మాస్టారిని అడిగి చెబుతాను అని ఆమెని కూర్చోబెట్టాను. అడగడానికి నాకు మనసు రావట్లేదు. అంతలో మెట్ల మీద ఆయాసపడుతూ మా పెద్దమ్మ ప్రత్యక్షమైంది. చేతిలో గొడుగు, ముఖంలో చిరాకు.

"నువ్వేమిటి పెద్దమ్మా ఇక్కడ?"

"ఆయన్ని రానివ్వట్లేదుగా. నన్ను తోలారు. ఎవరూ చూడని బొమ్మ ఒకటుందట, దాని ముందు నిలబడి గోల చెయ్యాలట. నాకు గోల చెయ్యడం వస్తే ఆయన ఇన్నాళ్లు ఇలా ఉండేవారా?"

నేను బల్ల మీదున్న చీటీలు వదిలేశాను. "ఎవరూ చూడని బొమ్మా? అంటే పెదనాన్న ఎప్పుడూ..."

"మరేమనుకున్నావే? గుమ్మడికాయలా ఉన్నానని సంబరపడేంత తిక్కమనిషా ఆయన?" పెద్దమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "తిక్క ఉందనుకో. అంత లేదు. వచ్చిన ప్రతిసారీ ముందు ఆ మెట్ల మీద అరగంట కూర్చుంటారు. బొమ్మలు చూడరు, బొమ్మలు వేసినవాళ్ల ముఖాలు చూస్తారు. ఎవరి ముఖం వాడిపోయి ఉంటే వాళ్ల బొమ్మలోకి దూరతారు. ముఖాలు చూడటం తప్ప ఆయనకి ఇంకేం వచ్చు గనక. నిన్న ఇంటికొచ్చి అన్నం సగంలో లేచారు. ఇరవై ఏడో నంబరు మిగిలిపోయిందట."

నేను నోరు తెరుచుకుని వింటుంటే, నా బల్ల వెనక, బొమ్మలు తగిలించే చెక్క తెరకి అవతల ఎవరో దగ్గారు. పట్టించుకోలేదు.

పెద్దమ్మ నీలం చొక్కా ముందు నిలబడింది. ఎప్పుడూ అందరి మధ్యా గొంతెత్తని మనిషి. చెంగు నోటికడ్డం పెట్టుకుంది, తీసింది, గొంతు సవరించుకుంది. చివరికి కళ్లు గట్టిగా మూసుకుని అరిచింది.

"ఇది మా ఆయనే!"

హాలంతా ఒక్కసారిగా ఇటు తిరిగింది. పోస్ట్‌మ్యాన్ దగ్గరికొచ్చాడు. "అమ్మా, అది చొక్కా అండీ."

"తెలుసు నాయనా. ఏ పని చెప్పినా ఇలాగే వేలాడుతుంటారు. గాలి ఎటు వీస్తే అటు. దింపితే తప్ప దిగరు."

ఎవరో కిసుక్కున నవ్వారు. మందుల షాపావిడ ముందుకొచ్చి చూసింది. "మా ఆయనా ఇంతేనండీ. పైగా ఆరడు."

"మావాడికి ఆ రెండో గుండీ కూడా ఉండదు" అంది ఇంకొకావిడ.

పది నిమిషాల్లో చీపుర్ల అర ముందు ఆడవాళ్లు కిటకిటలాడారు. ఒక్క నీలం చొక్కాలో ఇరవైమంది మొగుళ్లు బయటపడ్డారు. మొగుళ్లలో కొందరు అక్కడే ఉన్నారు, వాళ్లు ముందుకొచ్చి అది తాము కాదని వాదించారు, దాంతో రూఢి అయిపోయింది. అప్పుడు పళ్ల డాక్టరుగారు బొమ్మకి బాగా దగ్గరగా వంగి, "కాలరు దగ్గర ఈ మడత ఎంత బాగా వేశారండీ! నిజం మడతలాగే ఉంది" అన్నారు.

వెనక నుంచి సన్నగా ఒక గొంతు. "అది ఇస్త్రీకి పోదండి."

అందరూ వెనక్కి తిరిగారు. ఇస్త్రీ దుకాణం ఆవిడ సిగ్గుతో స్తంభానికి అతుక్కుపోయింది.

"ఎవరు వేశారమ్మా? మీరేనా? రండి, రండి!"

ఆవిణ్ణి ముందుకి లాగారు. "ఎంత రుద్దినా ఆ ఒక్క మడతా పోదండి. మెడ ఒకేవైపు వంచి పనిచేసేవాళ్ల చొక్కాలకి వస్తుంది. చొక్కా చూస్తే నాకు మనిషి తెలుస్తాడు. అందుకే మనిషిని వెయ్యలేదు" అంది. తర్వాత ఆవిణ్ణి ఆపడం మా వల్ల కాలేదు. బొమ్మ తీసుకుపోయే సంగతి మళ్లీ ఎత్తలేదు.

చెక్క తెర వెనకనుంచి డ్రాయింగు మాస్టారు బయటికొచ్చారు. చేతిలో సుత్తి, నోట్లో రెండు మేకులు. మేకులు తీసి జేబులో వేసుకున్నారు.

"మీ పెద్దమ్మగారు చెప్పింది విన్నాను."

నేను తల దించుకున్నాను.

"అంటే మొన్న నా ముఖం వాడిపోయి ఉందా?"

"మొన్న కాదు మాస్టారూ, నిన్న. కొంచెం... మీరు పదకొండుసార్లు బయటికొచ్చి చూశారు."

"పదకొండు కాదు, తొమ్మిది" అన్నారు కోపంగా. కాసేపు బంగారు ఫ్రేములో ఉన్న తన ముఖం కేసి చూశారు. "ఆయన గొడవ చేసినప్పుడు ఎంతమంది చేరారు?"

"నలభైమంది దాకా ఉంటారు."

"నలభై మూడు. లెక్కపెట్టాను." సుత్తి నా బల్ల మీద పెట్టారు. "బడి వదిలాక నా మాట వినడానికి అంతమంది చేరడం అదే మొదలు. నేనేమో వాళ్లకి బొమ్మ చూపించడం మానేసి, ఆయన్ని తిట్టడంలో పడ్డాను. పద, మీ ఇల్లెటు?"

మేం వెళ్లేసరికి పెదనాన్న వరండాలో మెట్టు మీద కూర్చుని చెప్పుకి కొత్త బకిల్ బిగించుకుంటున్నాడు. మాస్టారిని చూసి లేచి నిలబడ్డాడు, ఒక కాలికే చెప్పుంది.

"మీరు జాలిపడి నా బొమ్మ ముందు నిలబడ్డారట" అన్నారు మాస్టారు సూటిగా.

"జాలా? మీ మీదా? ఎవరు చెప్పారు?" పెదనాన్న నా వంక కొరకొరా చూశాడు. "నా పోలిక ఉంది, నిలబడ్డాను. అంతే."

"అబద్ధమాడకండి. ఒక్కటి చెప్పండి చాలు. నా బొమ్మ బాగుందా, లేదా?"

పెదనాన్న తడబడ్డాడు. ఆయన తడబడటం నేనెప్పుడూ చూడలేదు. "మాస్టారూ, బొమ్మల సంగతి నాకేం తెలుసు? వెలుగు ఎటునుంచి పడుతోందో కూడా తెలీదు. కానీ ఆ బొమ్మలో కళ్లు ఎవరైనా వస్తారేమోనని గుమ్మంకేసి చూస్తున్నాయి. అలా చూస్తుంటే దాటిపోవడం ఎలాగండీ?"

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తుడిచి, పెట్టుకుని, మళ్లీ తీసి తుడుచుకున్నారు. జేబులోంచి తీర్మానం కాగితం తీసి నాలుగు ముక్కలు చేశారు. ముక్కలు ఎక్కడ వెయ్యాలో తెలియక నా చేతిలో పెట్టారు.

"రేపు ఆఖరి రోజు. పదింటికల్లా వచ్చెయ్యండి" అన్నారు. "ఇంకా నాలుగు బొమ్మలున్నాయి, ఎవరూ చూడనివి. మీ వయసుకి అంతసేపు నిలబడటం కష్టం. మంచి కుర్చీ ఒకటి వేయిస్తాను."

"కుర్చీ వద్దు మాస్టారూ" అన్నాడు పెదనాన్న, రెండో చెప్పు తొడుక్కుంటూ. "కూర్చున్నవాడి చుట్టూ జనం చేరరు."